గుడి వద్దన్నారు, కోర్టు హాలు కావాలన్నారు

రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ 312లో మిల్వియన్ వంతెన దగ్గర పోటీ చక్రవర్తి మాక్సెంటియస్‌ని ఓడించి రోమ్‌లో అడుగుపెట్టాడు. మరుసటి ఏడు, తూర్పు భాగం చక్రవర్తి లిసినియస్‌తో కలిసి, క్రైస్తవులు తమ మతాన్ని బాహాటంగా పాటించుకోవచ్చని ఒప్పుకున్నాడు. దాంతో అప్పటిదాకా ఇళ్లలో కలుసుకుంటూ వచ్చిన జనానికి స్థలమూ డబ్బూ రాజుగారి మేస్త్రీలూ ఒక్కసారిగా వచ్చిపడ్డారు. మరి ప్రార్థన కోసం పెద్ద కట్టడం కట్టాలంటే అది ఎలా ఉండాలి? రోమ్‌లో గుళ్లకు కొదవ లేదు, గుడి కట్టడం చేతనైన పనివాళ్లకూ కొదవ లేదు. అయినా గుడి నమూనా జోలికే పోలేదు. కోర్టు వ్యాజ్యాలు, వ్యాపార లావాదేవీలు నడిచే పొడవాటి హాలు నమూనా తీసుకున్నారు. బసిలికా అంటే అదే. తొలి క్రైస్తవ కళలో చూసేవాళ్లని ఆశ్చర్యపరిచే విషయాలు చాలావరకు ఈ ఎంపిక వెంట నడిచినవే.

గుడి ఎందుకు వద్దన్నారంటే, రోమన్ గుడి దేవుడి ఇల్లు, జనం కూడే చోటు కాదు. విగ్రహం లోపలి గదిలో ఉంటుంది, బలిపీఠం మాత్రం బయట మెట్ల ముందు ఆరుబయట ఉంటుంది, జంతువుని అక్కడే బలిస్తారు, జనం అక్కడే నిలబడి చూస్తారు. గర్భగుడిలోకి భక్తులు అడుగుపెట్టని పద్ధతి తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకే గుడి ఆర్భాటమంతా బయటే: ఎత్తైన అరుగు, స్తంభాల వరుస, ముందువైపు శిల్పాలు. క్రైస్తవుల ఆరాధనకి ఇది ఎలా చూసినా కుదరదు. వాళ్లు అందరూ ఒకచోట చేరాలి, లేఖనం చదువుతుంటే వినాలి, ప్రసంగం వినాలి, రొట్టె ద్రాక్షారసం పంచుకోవాలి. వందల మంది లోపలే ఉండాలి, మాట వినపడాలి.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది కొంచెం చేదుది. 250లో డెసియస్ చక్రవర్తి, 303 నుంచి డయోక్లీషియన్, క్రైస్తవుల్ని పట్టుకోవడానికి వాడిన పరీక్షే దేవతలకు బలి ఇవ్వడం. ఇవ్వనన్నవాళ్లు జైళ్లకి పోయారు, గనులకి పోయారు, చాలామంది చచ్చిపోయారు. 313 నాటికి ఆ గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అలాంటప్పుడు గుడిలాంటిది కట్టుకోండని చక్రవర్తే చెప్పినా బిషప్పులు ఒప్పుకునేవాళ్లా అన్నది అనుమానమే.

బసిలికాకి ఈ మకిలి లేదు. అక్కడా చక్రవర్తి విగ్రహం ఉండొచ్చు గానీ, ఆ కట్టడం ఏ దేవుడి సొత్తూ కాదు. పైగా పనికొచ్చే కట్టడం. మధ్యలో ఎత్తైన పొడవాటి నడవ, దాన్ని నేవ్ అంటారు. దానికి రెండు పక్కలా స్తంభాలు, స్తంభాల అవతల తక్కువ ఎత్తులో పక్క నడవలు, నేవ్ గోడల పైభాగంలో వెలుతురు కోసం కిటికీల వరుస. కొసన అర్ధవృత్తంగా వెనక్కి జరిగిన చోటు, అంటే ఆప్స్. న్యాయాధికారి కూర్చునేది అక్కడే. ఆ కుర్చీలో బిషప్పుని కూర్చోబెట్టి, ముందు బల్ల వేస్తే చర్చి తయారు. పాత బసిలికాల్లో చాలావాటికి తలుపు పొడుగువైపు ఉండేది, దాన్ని పొట్టివైపుకి మార్చారు. చూడ్డానికి చిన్న మార్పే గానీ, లోపలికి అడుగుపెట్టినవాడి చూపు నేరుగా కొసనున్న బల్ల మీదికి పోతుంది, స్తంభాల వరుసలు కూడా అటే లాక్కుపోతాయి. మెదక్ చర్చి 1924 నాటి గోతిక్ తరహా కట్టడమైనా, గుమ్మంలో నిలబడితే చూపు అలాగే కొసకి పోవడానికి కారణం ఈ నాలుగో శతాబ్దపు ఏర్పాటే.

ఇలాంటి హాలు దర్పం ఎలా ఉండేదో చూడాలంటే జర్మనీలోని ట్రియర్‌లో ఒకటి, మళ్లీ బాగుచేసిన రూపంలో, నిలబడి ఉంది. కాన్‌స్టంటైన్ దర్బారు హాలు అది, సుమారు 310 నాటిది. పొడవు 67 మీటర్లు, ఎత్తు 33 మీటర్లు, లోపల ఒక్క స్తంభం లేదు. ఆప్స్‌లో కిటికీల్ని కావాలనే కాస్త చిన్నవిగా పెట్టారు, దాంతో కొస ఇంకా దూరంగా, హాలు ఇంకా పొడుగ్గా అనిపిస్తుంది. విన్నపం పట్టుకుని వచ్చినవాడు చక్రవర్తి దగ్గరికి నడిచి వెళ్లేలోపే సగం నీరుగారిపోవాలన్నది లెక్క. 1856 నుంచి అది ప్రొటెస్టెంట్ చర్చిగా నడుస్తోంది. దర్బారు హాలు చర్చి అయిందంటే, ఆ రెండు పనులకీ ఒకే ఆకారం ఎంత బాగా సరిపోయిందో తెలుస్తుంది.

రోమ్‌లో కాన్‌స్టంటైన్ కట్టించిన మొదటి పెద్ద చర్చి లాటరన్. ఎక్కడ కట్టించాడో చూస్తే మనిషి రాజకీయం అర్థమవుతుంది. మాక్సెంటియస్ పక్షాన పోరాడిన గుర్రపు దళం బ్యారక్‌లని నేలమట్టం చేసి, ఆ స్థలంలో కట్టించాడు. శత్రువు సైన్యం ఉనికి తుడిచిపెట్టినట్టూ అయింది, దేవుడికి మొక్కు చెల్లించినట్టూ అయింది. పైగా అది నగరం నడిబొడ్డున కాదు, గోడల లోపలే అయినా ఓ అంచున. నగరం నడిమి కూడలి ఫోరమ్ చుట్టుపక్కల పాత గుళ్ల మధ్య చర్చి కట్టించి సెనేటర్ కుటుంబాలతో తగువు తెచ్చుకోవడం అతనికి అనవసరం. సెయింట్ పీటర్స్ అయితే నగరం బయట వాటికన్ కొండ మీద, శ్మశానం పైన కట్టారు. పేతురు సమాధి అని నమ్మే చోటు కొండవాలులో ఉంది, దాన్ని కదపడానికి లేదు, కాబట్టి చుట్టూ ఉన్న సమాధి గదుల పైకప్పులు కొట్టేసి మట్టితో నింపి, కొండని ఒకవైపు తవ్వి, చదును చేసి కట్టారు. సమాధుల్ని చెడగొట్టడం రోమన్ చట్టంలో నేరం. చక్రవర్తి పని కాబట్టి సాగింది. 1506లో మొదలైన ఇప్పటి చర్చి కోసం ఆ పాతదాన్ని పడగొట్టేశారు గానీ, కింద మట్టిలో కూరుకుపోయిన ఆ సమాధుల్ని 20వ శతాబ్దంలో తవ్వి తీశారు. వాటిలో ఒకదాని పైకప్పు మొజాయిక్‌లో, అంటే రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మలో, తల చుట్టూ కిరణాలతో రథం తోలుతున్న సూర్యుడి రూపంలో ఒకరు కనిపిస్తారు. చుట్టూ ద్రాక్షతీగలు, పక్క గోడల మీద యోనా, గొర్రెల కాపరి ఉన్నారు కాబట్టి ఆ సూర్యుడు క్రీస్తే అని చాలామంది పండితుల అభిప్రాయం.

ఇంతకీ 313కి ముందు వీళ్లు ఎక్కడ కలిసేవాళ్లు? రహస్యంగా కేటకాంబ్‌లలో, అంటే భూగర్భ సమాధుల్లో దాక్కుని ప్రార్థించేవారని సినిమాల పుణ్యమా అని అందరికీ ఓ ఊహ పాతుకుపోయింది. అది నిజం కాదు. ఊరి లోపల శవాల్ని పూడ్చకూడదని రోమన్ చట్టం, కాబట్టి అందరిలాగే వాళ్లూ ఊరి బయటి రోడ్ల వెంబడి స్థలం చూసుకున్నారు, స్థలం చాలక కిందికి తవ్వారు. రోమ్ చుట్టూ ఉన్న టఫ్ రాయి మెత్తగా తెగుతుంది, గాలి తగిలితే గట్టిపడుతుంది. ఆ సమాధులు ఎక్కడున్నాయో అధికారులందరికీ తెలుసు, కాబట్టి దాక్కోవడానికి అంతకంటే పనికిరాని చోటు లేదు. చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థం అక్కడ భోజనాలు పెట్టుకునేవారు, అంతే.

మామూలు ప్రార్థన ఇళ్లలోనే. అలాంటి ఇల్లు ఒకటి సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున డ్యురా యూరోపస్‌లో దొరికింది. 256 ప్రాంతంలో పర్షియా ససానియన్ రాజుల సైన్యం ముట్టడికి వచ్చినప్పుడు, నగర గోడని బలపరచడానికి రోమన్ సైనికులు గోడ పక్కనున్న ఇళ్లన్నిటినీ మట్టితో కప్పేశారు. ఊరు ఎలాగూ దక్కలేదు, కప్పబడిపోయిన ఇళ్లు మాత్రం దక్కాయి. 1930ల మొదట్లో తవ్వితే, పైకి మామూలు ఇల్లే, లోపల రెండు గదుల మధ్య గోడ తీసేసి ఓ 60, 70 మంది పట్టే గది చేసుకున్నారు. ఇంకో గదిలో బాప్తిస్మం తొట్టి. దానిపైన మంచి కాపరి బొమ్మ, మూలన చిన్నగా ఆదాము హవ్వ. గోడల మీద నీళ్లపై నడిచే యేసు, మంచం ఎత్తుకుని నడుస్తున్న పక్షవాయువు రోగి, బావి దగ్గర సమరయ స్త్రీ. గీత ఏమంత గొప్పగా ఉండదు, నిజం చెప్పాలంటే అదే వీధిలో కాస్త అవతలున్న యూదుల సమాజమందిరం చిత్రాల ముందు ఇవి తేలిపోతాయి. కానీ ఆ కాపరి బొమ్మ తొట్టి పైనే ఎందుకుందో ఆలోచిస్తే పని తెలిసినవాళ్లు వేయించారని ఒప్పుకోవాలి. నీళ్లలోంచి లేచినవాడు ఇప్పుడు ఆ మందలో ఒకడు.

ఆ కాపరి కూడా అరువు బొమ్మే. భుజాల మీద గొర్రెని మోసే కుర్రాడు గ్రీకుల కాలం నుంచి ఉన్నాడు, రోమన్ శవపేటికల మీద పల్లె ప్రశాంతతకి గుర్తుగా లెక్కలేనన్నిసార్లు చెక్కారు. కొనేవాడు క్రైస్తవుడైతే అది క్రీస్తు, కాకపోతే ఉత్త కాపరి. చెక్కే దుకాణానికి రెండూ ఒకటే. యోనా సంగతీ అంతే. సొరచెట్టు నీడలో నగ్నంగా, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకున్న యోనాని చూస్తే గ్రీకు కథలో నిద్రపోయే ఎండిమియాన్‌ని యథాతథంగా దించేశారని ఇట్టే తెలిసిపోతుంది. కథలు ఎంచుకోవడంలో మాత్రం వాళ్ల లెక్క వాళ్లకుంది. యోనా, సింహాల గుహలో దానియేలు, అగ్నిగుండంలో ముగ్గురు యువకులు, ఓడలో నోవహు, సమాధిలోంచి లేచిన లాజరు. అందరూ చావు నోట్లోకి వెళ్లి బయటపడ్డవాళ్లే. సమాధి గోడ మీద ఇంకేం వేయిస్తారు?

మరి సిలువ? మొదటి నాలుగు శతాబ్దాల్లో సిలువ మీద వేలాడే యేసు బొమ్మ దాదాపు కనిపించదు. ఇప్పటి మన కళ్లకి ఇది వింతగా ఉంటుంది గానీ, అప్పటివాళ్లకి సిలువ అంటే బానిసలకీ బందిపోట్లకీ వేసే శిక్ష, పరువు తక్కువ చావు. రోమ్‌లో పాలటైన్ కొండ మీద దొరికిన ఓ గోడ గీత ఆ కాలపు వెటకారాన్ని బాగా పట్టిస్తుంది: గాడిద తలతో సిలువ మీద ఒక మనిషి, కింద చెయ్యెత్తి మొక్కుతున్న కుర్రాడు, పక్కన గ్రీకులో అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడని గీకి ఉంది. అలెక్సమెనోస్ అనే తోటివాణ్ణి ఆట పట్టించడానికి ఎవరో చేసిన పని. జనం చూసే చోట సిలువ శిక్ష బొమ్మ పెట్టినవాటిలో దాదాపు మొదటిది రోమ్‌లో శాంతా సబీనా చర్చి చెక్క తలుపు మీద ఉంది, 430ల ప్రాంతానిది. అక్కడా చేతులు చాచి నిలబడ్డ ముగ్గురు మనుషులే స్పష్టంగా కనిపిస్తారు, సిలువలు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి.

చక్రవర్తి అండ దొరికాక క్రీస్తు హోదా కూడా పెరిగింది. 359లో రోమ్ నగర అధికారిగా ఉంటూ 42 ఏళ్లకి చనిపోయిన జూనియస్ బాసస్ పాలరాతి శవపేటిక చూడండి. రెండు వరుసల్లో పది దృశ్యాలు. పై వరుస నడిమధ్యన యేసు సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు, గడ్డం లేని పడుచు ముఖం. ఆయన పాదాల కింద తలపైన గుడ్డ గాలికి ఉబ్బి ఉన్న ముసలాయన ఎవరో కాదు, ఆకాశానికి రోమన్ దేవుడు. సరిగ్గా దాని కింది గళ్లో గాడిద మీద యెరూషలేములోకి యేసు ప్రవేశం, అచ్చంగా చక్రవర్తి నగరంలోకి ఊరేగి వచ్చే పద్ధతిలో. బాసస్ చావు ముందే బాప్తిస్మం తీసుకున్నాడని పేటిక అంచు మీది రాత చెబుతుంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం శిక్షలు వేయాల్సిన పెద్ద అధికారులు బాప్తిస్మాన్ని ఆఖరి దాకా వాయిదా వేసుకోవడం అప్పట్లో మామూలే.

ఇంకో యాభై ఏళ్లకి శాంతా పుడెన్జియానా చర్చి ఆప్స్‌లో క్రీస్తుకి గడ్డం వచ్చింది, బంగారు వస్త్రం వచ్చింది, రత్నాల సింహాసనం వచ్చింది, చుట్టూ అపొస్తలులు రోమన్ పెద్దమనుషుల టోగా వస్త్రాలు కట్టుకుని సెనేటర్లలా కూర్చున్నారు. దీన్ని చూసి క్రీస్తుని చక్రవర్తిని చేసేశారని చాలామంది రాస్తారు. అది సగం నిజమే. పొడవాటి జుట్టు, నిండు గడ్డం, ముఖం మీద ఆ గాంభీర్యం రోమన్ల పెద్ద దేవుడు జూపిటర్‌వి. శిష్యుల మధ్య కూర్చుని చెయ్యెత్తి చెప్పే తీరు తత్వవేత్తది. ఆ కాలపు చక్రవర్తులు శుభ్రంగా గడ్డం గీసుకునేవాళ్లు. కాబట్టి ఏదో ఒక్క మూసలో పోశారనడం కంటే, గౌరవం అనిపించే ప్రతిదాన్నీ ఏరుకొచ్చి ఒకే మనిషికి తొడిగారనడం సబబు.

పొడవాటి హాలుతో పాటు రోమన్ల దగ్గర తీసుకున్న రెండో నమూనా గుండ్రటి సమాధి. కాన్‌స్టంటైన్ కూతురు కాన్‌స్టంటినా కోసం కట్టిన శాంతా కొస్తాంజా ఇందుకు మంచి ఉదాహరణ. 12 జతల స్తంభాల మీద గుమ్మటం, చుట్టూ వలయంగా నడవ. ఆ నడవ పైకప్పు మొజాయిక్ నిండా ద్రాక్ష కోస్తున్న పిల్లలు, బండ్లలో తోలుకెళ్తున్న పళ్లు, తొట్టిలో తొక్కుతున్న కాళ్లు. ఇది ద్రాక్షారస దేవుడు బాకస్ గుడి అని శతాబ్దాల తర్వాత చాలామంది పొరబడ్డారంటే పొరబడరూ మరి. ద్రాక్షారసం అంటే క్రైస్తవులకి వేరే అర్థం ఉంది, పనివాళ్లకి మాత్రం వేయడం అలవాటైన బొమ్మ అదే. ఈ గుండ్రటి, ఎనిమిది పలకల ఆకారాలే బాప్తిస్మ మందిరాలకీ వచ్చాయి. పాత మనిషి చచ్చి కొత్త మనిషి లేవడమే బాప్తిస్మం అన్న నమ్మకం ఉన్నప్పుడు సమాధి ఆకారం అక్కడికి రావడంలో వింతేం లేదు.

గుడి కాదన్నందుకు వచ్చిన అసలు ఫలితం ఇటలీలోని రవెన్నాలో కనిపిస్తుంది. అక్కడి చర్చిలన్నీ బయటి నుంచి ఉత్త ఇటుక గోడలు, గోడౌన్లు అంటే నమ్మేయొచ్చు. ఖర్చంతా లోపలే. నేల మొజాయిక్‌కి రాతి ముక్కలు వాడితే, తొక్కిడి లేని గోడకి గాజు ముక్కలు వాడొచ్చు. రెండు గాజు పొరల మధ్య బంగారు రేకు పెట్టి కాల్చి, ముక్కలు చేసి, పచ్చి సున్నంలో ఒక్కొక్కటి కాస్త అటూ ఇటూ వంచి అద్దేవాళ్లు. అన్నీ ఒకే చదునులో ఉంటే ఒకేచోట తళుక్కుమని మిగతాది చచ్చుగా ఉంటుంది, ఇలా అయితే మనిషి నడుస్తున్నకొద్దీ, దీపం కదులుతున్నకొద్దీ గోడంతా మెరుస్తుంది.

అక్కడి సాంత్ అపోలినారె నువోవో దగ్గర కాస్త ఆగి చూడాలి. ఇది ఇటలీని ఏలిన ఆస్ట్రోగోత్ అనే జర్మానిక్ తెగ రాజు థియోడరిక్ తన కోట పక్కన కట్టించుకున్న చర్చి. అతను 526లో చనిపోయాడు. థియోడరిక్ క్రైస్తవుడే గానీ ఏరియన్ శాఖవాడు, అంటే కుమారుడు తండ్రితో సమానం కాదనే పక్షం. 540లో తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ సైన్యం రవెన్నాని పట్టుకుంది, 560ల మొదట్లో ఏరియన్ల చర్చిలన్నీ కేథలిక్ బిషప్పు అగ్నెల్లస్ చేతికి వచ్చాయి. ఆయన చర్చిని పడగొట్టలేదు, గోడ మీది మనుషుల్ని పీకించాడు. నేవ్ కుడి గోడ మొదట్లో థియోడరిక్ కోట బొమ్మ ఉంది, తెల్లటి స్తంభాలు, తోరణాలు, పైన లాటిన్‌లో కోట అని పేరు కూడా. ఆ తోరణాల్లో ఒకప్పుడు రాజు, అతని దర్బారు మనుషులు చేతులెత్తి నిలబడి ఉండేవారు. వాళ్లని గాజు ముక్క గాజు ముక్కగా పెకలించి, ఆ చోట ముడి వేసిన తెల్లని పరదాలు అతికించారు. కానీ స్తంభాల మీదికి వచ్చిన చేతుల్ని తియ్యాలంటే స్తంభాన్ని కూడా మళ్లీ చెయ్యాలి. వదిలేశారు. ఇప్పటికీ పరదాల పక్క స్తంభాల మీద ఒళ్లు లేని అరచేతులు, ముంజేతులు అలాగే ఉన్నాయి. బద్ధకమో, ఖర్చు లెక్కో, లేదంటే ఎవర్ని తీసేశామో జనానికి తెలియాలనే ఉంచారో.

ఇదే గోడల్లో అన్నిటికంటే పైన క్రీస్తు జీవితంలోంచి 26 దృశ్యాలు ఉన్నాయి, ఒక్కో వైపు 13. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. అద్భుతాలు చేసే వైపు యేసుకి గడ్డం లేదు, శ్రమలు పడే వైపు గడ్డం ఉంది. శ్రమల వైపు కూడా సిలువ దృశ్యం లేదు, మోసుకెళ్లడం దాకా వచ్చి అక్కడి నుంచి ఖాళీ సమాధికి దూకేశారు.

అదే ఊళ్లో 547లో ప్రతిష్ఠ జరిగిన సాన్ విటాలే చర్చిలో గుమ్మటం, ఎనిమిది పలకల ఆకారం రెండూ కలిశాయి. అందులో జస్టీనియన్, అతని భార్య థియొడోరా బొమ్మలు ఎంత ప్రసిద్ధమంటే వాళ్లిద్దరూ రవెన్నా మొహమే చూడలేదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. జస్టీనియన్ పక్కనున్న బిషప్పు మాక్సిమియానస్ తల మీద మాత్రం పేరు రాయించుకున్నాడు. చక్రవర్తికి లేని నేమ్ బోర్డు బిషప్పుకి ఎందుకంటే, కొత్తగా వచ్చాడు, ఊళ్లో పెద్దగా మద్దతు లేదు, అవసరం ఆయనది. కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌లో, అప్పటికే 537లో హేజియా సోఫియా చర్చి పూర్తయింది, పొడవాటి హాలునీ గుమ్మటాన్నీ ఒకటి చేసే ప్రయత్నం అక్కడ తారస్థాయికి వెళ్లింది. సుమారు 31 మీటర్ల వెడల్పు గుమ్మటం 558లో కూలితే, ఈసారి ఇంకాస్త ఎత్తుగా కట్టి 562లో మళ్లీ తెరిచారు. దాని గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి.

మరి పాత గుళ్లు ఏమయ్యాయి? రోమ్‌లో మొదటిసారి ఒక గుడి చర్చిగా మారింది 609లో, పాంథియన్. అప్పటికి బలులు ఆగిపోయి రెండు శతాబ్దాలు దాటింది, గుడి అంటే పాత భయం పోయింది. పైగా పాంథియన్ లోపల జనం పట్టేంత చోటున్న అరుదైన గుడి, కాబట్టి పెద్దగా మార్చాల్సిన పని లేకపోయింది.

మామూలు గుడిని మార్చాలంటే ఏం చెయ్యాలో సిసిలీలో సైరక్యూస్ కేథడ్రల్ చూపిస్తుంది. అది క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు ఎథీనా గుడి, చుట్టూ లావాటి డోరిక్ స్తంభాలు, మధ్యలో విగ్రహం గది. 7వ శతాబ్దంలో దాన్ని చర్చి చేసినప్పుడు బయటి స్తంభాల మధ్య ఖాళీల్ని గోడ కట్టి మూసేశారు, విగ్రహం గది రెండు పక్క గోడలకీ ఎనిమిదేసి తోరణాలు తొలిచారు. అంతే, స్తంభాల వరండా పక్క నడవలైంది, దేవతకి మాత్రమే చోటున్న గది జనం నిలబడే నేవ్ అయింది. 1693 భూకంపం తర్వాత ముందువైపు బరోక్ తరహాలో కొత్తగా కట్టారు గానీ, పక్క సందులోకి వెళ్తే గోడలో సగం మునిగిన ఎథీనా స్తంభాలు వరసగా కనిపిస్తాయి, కొన్ని భూకంపానికి కాస్త పక్కకి ఒరిగి కూడా ఉన్నాయి.